హేమవేణికి ఎదురుగా ఉన్న వాకిలి

పూర్వం, ఋషులు పలికిన మాటను ప్రకృతి తలవంచి వినే కాలంలో, హేమవేణీ నదీతీరాన శ్రుతధాముడనే మహర్షి పర్ణశాల కట్టుకుని, శిష్యులకు పదాలూ వాటి అర్థాలూ బోధిస్తూ, ఎన్నడూ అసత్యమాడక జీవించేవాడు. ఒక వానకాలపు ఉదయాన, ఆయన అర్ఘ్యానికి నీళ్ళు తేవడానికి వెళ్ళిన ఏడేళ్ళ కూతురు మేధినిని వరద తీసుకుపోయింది. పర్ణశాలనూ తీసుకుపోయింది. ఆయన ఏడవలేదు. “ఈ నది రోత” అన్నాడు, అంతే.

సత్యవ్రతుడి మాట కనుక, ఆనాటి నుంచి ఆవులు రేవు దాకా వచ్చి మూతులు తిప్పుకున్నాయి, కడవలతో వచ్చిన స్త్రీలు ముక్కు మూసుకుని మరలిపోయారు. తాగేవారు లేక, మునిగేవారు లేక, లోకపావని అయిన హేమవేణి మూడేళ్ళలో ఇసుకలో సన్నని చారికగా మిగిలింది. మహర్షి ఆ నీటిని తాకక, దోసిట మట్టి తీసుకుని సూర్యభగవానుడికి అర్ఘ్యమిచ్చేవాడు. నీరు దొరకనివారికి శాస్త్రం ఒప్పుకున్న పద్ధతి అది.

ఒక ఉదయం ఆయన చేతులు దులుపుకుంటూ ఉండగా, పెదవులెండి, చీర కుచ్చెళ్ళ నిండా ఇసుకతో నదీదేవి ఎదుట నిలిచింది.

“ఇంకా మట్టేనా స్వామీ? సూర్యుడికి దాహం వెయ్యదా?”

“మాట వెనక్కి తీసుకోమనడానికి వచ్చావా తల్లీ? నేను అబద్ధమాడను.”

“ఆడవద్దు. పాఠం చెప్పండి చాలు. రోత అంటే ఏమిటి?”

అడిగినవారికి అర్థం చెప్పకుండా ఉండడం ఆయనకు చేతకాదు. “చూడగానే ముఖం తిప్పుకోవాలనిపించేది. ఎంత దూరమైతే మనసుకు అంత హాయి.”

“వరద తీశాక పర్ణశాల మళ్ళీ కట్టుకున్నారు. ఎనిమిది దిక్కులున్నాయి కదా, వాకిలి ఎటు పెట్టారు?”

ఆయన వెనక్కి తిరిగి తన వాకిలి చూశాడు. రోత అన్న మాట తీసేస్తే తనకు మిగిలేది మేధిని లేకపోవడమొక్కటే.

“నీ వైపే” అన్నాడు చివరికి. “మా అమ్మాయి వెళ్ళిన దారి అది.”

“శిష్యుడు పదం తప్పుగా వాడితే దిద్దుకోవడానికి ఎన్నాళ్ళు గడువిస్తారు?”

“తెలిసిన క్షణమే దిద్దుకోవాలి.” ఆయన ఇసుకలోని సన్నని చారిక వైపు తిరిగాడు. “అది రోత కాదమ్మా. దుఃఖం. తప్పు నాది.”

అప్పుడు ఆయన కళ్ళు తడిశాయి. ఇసుక కింద నీరు కదిలింది. హేమవేణి ప్రసన్నురాలై వరం కోరుకోమంది.

“ఈ మలుపులో నీ నీరు పసిపిల్లల మోకాళ్ళు దాటకూడదు.”

“తథాస్తు.”

ఆవులు రేవులో దిగాయి. మహర్షి దోసిట నీళ్ళు తీసుకుని అర్ఘ్యమిచ్చాడు. నాటి నుంచి శిష్యులతో కలిసి ఆ రేవులోనే, నీళ్ళలో పాదాలుంచి పాఠం చెప్పేవాడు. రోత అన్న పదం వచ్చినప్పుడు చిన్నగా నవ్వి, “వాడేముందు మీ వాకిలి ఎటు ఉందో చూసుకోండి నాయనా” అనేవాడు.