ఇటుక రంగు

కళ్ళు మూసుకుంటే నూకరాజుకు మనసు నిలిచేది కాదు.

మూడేళ్ళుగా అతను ఖుద్దూస్ బాబా దగ్గరికి వస్తున్నాడు. గోదావరి సముద్రంలో కలిసే చోట, ఉప్పుటేటికి అవతలి దిబ్బ మీద, చిన్న తాటాకు పాకలో ఉండేవాడు బాబా. ఏ మతంవాళ్ళయినా వచ్చి ఆయన ఎదుట కాసేపు మౌనంగా కూర్చుని పోయేవారు. నూకరాజూ అలాగే కూర్చునేవాడు. కానీ కాసేపటికే చెమటలు పట్టి లేచిపోయేవాడు. ఎందుకిలా అవుతోందని ఎన్నోసార్లు అడిగాడు. "చూద్దాం" అనేవాడు బాబా.

ఒక ఏడాది వానలు వెలిశాక బాబా తనే అతన్ని పిలిచి ఒక పని చెప్పాడు. ఏటి మీది ఉక్కు వంతెన తుప్పు పడుతోంది, దానికేం పూత వేస్తే నిలుస్తుందో చూడమన్నాడు. దిబ్బ మీది జాలరి కుటుంబాలకు ఊళ్ళోకి అదొక్కటే దారి.

నూకరాజు ముఖం వెలిగింది. పడవలు బాగుచేసే యార్డులో ఇరవై రెండేళ్ళు రంగులు వేసిన మనిషి. ఉప్పుగాలికి ఇనుము ఎలా చస్తుందో అతనికి తెలిసినట్టు ఆ చుట్టుపక్కల మరొకరికి తెలియదు. బాబాను వంతెన దగ్గరికి తీసుకెళ్ళి అంతా చూపించాడు. ఎప్పుడూ నీళ్ళలో ఉండే ఇనుముకు అంత భయం లేదట. సముద్రపు పోటుకు తడిసి, పాటుకు ఆరే చోటే ముందుగా తినేస్తుందట. అక్కడ జింకు పూత వేసి, దాని మీద ఎపాక్సీ అనే గట్టి జిగురు రంగు రెండుసార్లు దట్టంగా పట్టించాలి. బోల్టుల తలల మీదా పదునైన అంచుల మీదా రంగు నిలవదు కాబట్టి అక్కడ కుంచెతో ఇంకోసారి దిద్దాలి. బాబా పాఠం వింటున్న పిల్లాడిలా విన్నాడు. చివరికి ఒక్క మాట అడిగాడు.

"అన్నిటికన్నా పైన ఏం రంగు?"

"ముదురు ఇటుక రంగండీ. తుప్పు మరక పడినా అందులో కలిసిపోతుంది. పదేళ్ళయినా కొత్తదానిలా ఉంటుంది."

బాబా వంగి, కమ్మీ మీది తుప్పును వేలితో తడిమి చూశాడు.

పన్నెండు రోజులు నూకరాజు వంతెనను గీరాడు, తోమాడు, పూతలు వేశాడు. వంక పెట్టడానికి లేని పని. చివరి రంగు వేసే రోజు పొద్దున్నే వచ్చి చూస్తే, బాబా తెల్ల రంగు డబ్బా ఒకటి ముందు పెట్టుకుని, తనే మొదటి కమ్మీకి రంగు వేస్తున్నాడు. తెలుపయితే ప్రతి మచ్చా బయటపడుతుందని, నలుగురూ నవ్వుతారని నూకరాజు మెల్లగా చెప్పి చూశాడు. బాబా ఆ కమ్మీ పూర్తి చేసి కుంచె అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

కాదనలేకపోయాడు. అలాగని మనసూ ఒప్పలేదు. వంతెన సగం దాకా తెలుపు వేసి, మిగతా సగం తనకు నచ్చిన ఇటుక రంగే వేశాడు.

నెల తిరక్కుండానే తెల్ల వైపు ఎర్రటి చార ఒకటి కారింది. చేపలమ్మే కాసులమ్మ గంప దించుకునేటప్పుడు కమ్మీకి గీసుకుపోయిన చోటది. "ఏం రంగేశావయ్యా, అప్పుడే ఏడుస్తోంది?" అందామె నవ్వుతూ. నూకరాజుకు తల కొట్టేసినట్టయింది. వెంటనే గీకి, పూత వేసి, తెలుపు దిద్దాడు. తర్వాత ఇంకోచోట చార కనబడింది. అదీ దిద్దాడు. అలా ఏడాదిలో తొమ్మిదిసార్లు.

ఏడాది తిరిగాక బాబా దగ్గరికి వెళ్ళి ఆ మాటే చెప్పాడు. తెల్ల వైపు తొమ్మిదిసార్లు చెయ్యి పెట్టాల్సి వచ్చిందనీ, ఇటుక రంగు వైపు ఒక్కసారి కూడా అవసరం పడలేదనీ, కాబట్టి మొత్తం ఇటుక రంగే వేయనివ్వమనీ అడిగాడు.

బాబా లేచాడు. మూలనున్న సుత్తి తీసుకుని వంతెన మీదికి నడిచాడు. తెల్ల వైపు ఆగకుండా దాటాడు. ఇటుక రంగు వైపుకొచ్చి సుత్తి నూకరాజుకు ఇచ్చాడు.

"కొట్టు."

కమ్మీలను పట్టి నిలిపే మొదటి స్తంభం ఖంగుమంది. రెండోదీ, మూడోదీ అంతే. ఆడవాళ్ళు గంపలు ఆనించి ఊపిరి తీసుకునే నాలుగో స్తంభం మాత్రం పలకలేదు. మెత్తగా, తడి గోడలా శబ్దం చేసింది. నూకరాజు ఇంకో దెబ్బ వేశాడు. గంపల అంచులు గీసిన చోట మెరుస్తున్న రంగు పొర పగిలి, లోపలి తుప్పు పెచ్చులు పెచ్చులుగా ఏట్లోకి రాలింది.

అతను అక్కడే చతికిలబడ్డాడు. తర్వాత, ఎవరూ అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

ఎనిమిదేళ్ళ కిందట యార్డుకు ఒక పంటు వచ్చింది, మనుషుల్నీ బళ్ళనూ గోదావరి దాటించేది. మర్నాటికి అప్పగించాలని తొందర. అడుగు రేకుల లోపలి వైపు తుప్పు గీరకుండానే, నూకరాజు దాని మీద ఇటుక రంగు పూసేశాడు. పంటు యజమాని పని చూసి మెచ్చుకున్నాడు కూడా. ఆ తర్వాత నూకరాజు ఏనాడూ ఆ పంటు ఎక్కలేదు. అవతలి ఒడ్డుకు వెళ్ళాల్సివస్తే చుట్టూ తిరిగి బస్సులో పోయేవాడు. పెళ్ళాంతో కూడా చెప్పలేదు.

"ఇప్పటికీ తిరుగుతోందా?" అని అడిగాడు బాబా.

"తిరుగుతోందండీ. రోజూ."

బాబా పడమటి వైపు చూశాడు.

"ఇంకా పొద్దుంది," అన్నాడు.

నూకరాజు ముందు ఆ నాలుగో స్తంభం దగ్గర ఎవరూ ఆనుకోకుండా తాడు కట్టాడు. తర్వాత సుత్తి సంచిలో వేసుకుని రేవుకు వెళ్ళాడు. పంటు అవతలి ఒడ్డు నుంచి వస్తోంది. జనం దిగేదాకా ఆగి, యజమానికి ఉన్నదున్నట్టు చెప్పాడు. అతను మొదట నమ్మలేదు. చెక్కలు ఎత్తించి, లోపల సుత్తి దెబ్బ వేయించి చూశాక, రేవులో అందరి ముందూ నూకరాజును నోటికొచ్చినట్టు తిట్టాడు. రెండు రేకులు చేత్తో నొక్కితే లోపలికి పోయేలా ఉన్నాయి. ఆ పూటే పంటు ఆపేశారు.

నెల రోజులు నూకరాజు రేవులోనే ఉండి, కొత్త రేకులు వేసేవాళ్ళ పక్కన నిలబడి అడుగంతా తనే గీరి పూతలు వేశాడు. దారిన పోయేవాళ్ళు ఇతనేనట అని వేలు పెట్టి చూపించేవారు. అతను తల దించుకుని పని చేసుకునేవాడు.

పంటు మళ్ళీ నీళ్ళలోకి దిగిన రోజు, దానిమీదే గోదావరి దాటి తిరిగొచ్చి, రేవు నుంచి దిబ్బకు వచ్చాడు. బాబా పాక ముందు వల చిక్కు తీస్తున్నాడు. నూకరాజు పక్కన కూర్చుని ఆ వల రెండో అంచు పట్టుకున్నాడు.

"ఊరంతా తెలిసిపోయింది బాబా. ఎక్కడికెళ్ళినా నావైపే చూస్తున్నారు."

బాబా వల మీంచి తల ఎత్తి, అతని ముఖంలోకి చూశాడు.

"మంచిది," అన్నాడు. "మచ్చ కనబడుతోంది."