దొరబండ మీద బెల్లం

ఎవరేమడిగినా జగ్గయ్య మాస్టారు వెంటనే జవాబు చెప్పరు. అడిగినవాళ్ళని ఏదో ఒక పనిమీద పంపుతారు. పని ముగించుకొచ్చాక, ఇంకా అడగాలనిపిస్తే అప్పుడు అడగమంటారు. చింతలరేవులో ఆయన దగ్గర పద్యం నేర్చుకున్నవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. నూకరత్నానికి మరీ బాగా తెలుసు. అయినా ఆ శనివారం సాయంత్రం చెప్పులైనా విడవకుండా గుమ్మంలో నిలబడి అడిగేసింది.

"మాస్టారూ, నా నాలుక మీదున్నది ఎవడి పేరు?"

రేవుకి ఉత్తరాన, సరుగుడు తోట దాటాక, ఇసుకదిబ్బ మీద ఒక నల్లరాతి పలక ఉంది. డచ్చివాళ్ళ కాలం నాటి సమాధి. ఊరికి మాత్రం అది దొరబండ. మాట ఆలస్యమైన పిల్లల్ని ఆదివారం పొద్దున అక్కడికి తీసుకెళ్ళి, రాతిలో చెక్కిన అక్షరాల గంట్లలో తాటిబెల్లం పాకం నింపి వాళ్ళచేత నాకిస్తారు. ఇన్ని రాతలున్న రాయి ఒక్క మాట ఇవ్వకపోతుందా అని ఊరి నమ్మకం. నాలుగేళ్ళొచ్చినా నోరు విప్పని రత్నాన్ని వాళ్ళమ్మ అలాగే నాకించింది. ఆ తరవాత వచ్చిన మాట ఇక ఆగలేదు. పిల్ల చదువుకుంది, బడిపంతులమ్మ అయింది, ఈ రేవు మీదా ఇక్కడి వలల మీదా పద్యాలు కట్టింది. తనకి మాటిచ్చింది దొరబండేనని సభల్లో నవ్వుతూ చెప్పుకునేది.

కిందటి నెల ఎవరో చరిత్ర పరిశోధకుడు వచ్చి ఆ రాత చదివాడు. కిందున్నది డచ్చివాళ్ళ గిడ్డంగి అధికారి అని చెప్పాడు. ఒక కరువులో ఆకలికి పడిపోతున్న జనాన్ని గంజి ఆశ చూపి ఓడలెక్కించి, దూరపు దీవుల్లో బానిసలుగా అమ్మినవాడట. వాళ్ళు ఎక్కింది ఈ రేవులోనే.

ఆనాటి నుంచి రత్నం ఒక్క పాదం రాయలేదు. రాయబోతే నోట్లో ఏదో అడ్డుపడినట్టుండేది. దానికి తోడు ఇంట్లో గొడవ. కూతురు సుహాసిని తన మూడేళ్ళ పాపకి ఇంకా మాట రాలేదని, బండ దగ్గరికి తీసుకెళ్తానంది. వాడి పేరు నా మనవరాలి నోట్లో పెట్టనివ్వనని రత్నం అడ్డం తిరిగింది. కూతురు మెల్లగా అంది: "నీకు మాటొచ్చేసింది కదమ్మా, ఎన్నైనా చెబుతావు."

అంతే. తల్లీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు.

మాస్టారు అంతా విన్నారు. రేపు బండ దగ్గర ఆడవాళ్ళుంటారనీ, తనకి చెప్పిందంతా వాళ్ళకీ చెప్పి రమ్మనీ అన్నారు. రత్నానికి కోపమే వచ్చింది. కానీ వెళ్ళింది.

తెల్లారి దిబ్బ మీద పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్ళు కొందరున్నారు. వాళ్ళలో సుహాసిని కూడా ఉంది.  అయినా రత్నం అందరూ వినేట్టు చెప్పింది. కరువు, గంజి, ఓడలు. ఎవరో పిల్లల్ని కూడా ఎక్కించారా అని అడిగారు. ఎక్కించారంది. ఒకామె బండ మీద పెట్టిన చెయ్యి తీసేసి, చీరకి తుడుచుకుంది.

బెల్లం చెంబు పట్టుకున్న కాసులమ్మ, ఆ ఊళ్ళో ఎందరికో పురుళ్ళు పోసిన ముసలమ్మ, చెంబుని బండ పక్కన ఇసుకలో ఆనించింది. తరవాత కొంగు బిగించి కూర్చుంది.

"అయితే ఓడెక్కిన మన పిల్లగుంటల మాటలన్నీ ఈడి కాడే ఉండిపోనాయన్నమాట. మరి ఈడినే కదా అడగాల."

రత్నం కూడా ఆమె ఎదురుగా కూర్చుంది. సుహాసిని లేచి వచ్చి పాపని తల్లి ఒళ్ళో కూర్చోబెట్టింది. నాకించేదైతే నువ్వే నాకించు, లేదంటే ఇంటికి తీసుకుపో అన్నట్టు చేతులు కట్టుకుని నిలబడింది.

 రత్నం లేచి వెళ్ళిపోతే, పాప ఎప్పటికి నోరు విప్పినా, విప్పకపోయినా, కూతురు ఈ పొద్దు మరిచిపోదు. కూర్చుంటే పాప నోట్లో వాడి పేరు. ఆమె రాత లేని చోటు వెతికి, పలక అంచున నున్నగా ఉన్న దగ్గర పాకం వేలితో రాసింది. అది జారి ఇసుకలోకి కారిపోయింది. మళ్ళీ రాసింది. మళ్ళీ కారిపోయింది.

"ఆడ నిలవదే తల్లీ," అంది కాసులమ్మ, "గంటున్న కాడే నిలుస్తాది. పంతులమ్మవి, ఆపాటి ఎరగవా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. రత్నం కళ్ళు మూసుకుని, చేతికి తగిలిన గంటులో వేలు పెట్టి బెల్లం నింపింది. లోతుగా ఉంది. అది ఏ అక్షరమో చూడలేదు. పాప వంగి నాకింది. తీపి వెనకే ఉప్పు తగిలినట్టుంది, మొహం చిట్లించింది. మాటేమీ రాలేదు. సుహాసిని మాత్రం పక్కన కూర్చుని, తల్లి చేతికంటిన పాకాన్ని తన కొంగుతో తుడిచింది.

అక్కణ్ణించి రత్నం నేరుగా మాస్టారి ఇంటికి వచ్చింది. అరుగు మీద కూలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. చెప్పినా మనసు కుదుటపడలేదు. తను చేసింది తప్పో ఒప్పో తెలియడం లేదంది. పాకం ఎన్నిసార్లు జారిపోయిందో మళ్ళీ మళ్ళీ చెప్పింది.

మాస్టారు ఆ సంగతి ఎత్తలేదు. "ఓడెక్కినవాళ్ళలో ఒక్కరి పేరైనా ఎక్కడన్నా చెక్కి ఉందా?" అని అడిగారు.

"లేదు మాస్టారూ. ఎక్కడా లేదు."

"మరి పద్యాలు కట్టేదానివి, ఇక్కడ కూర్చున్నావేమమ్మా?" అన్నారాయన.