ఇరవై మూడో రాయి

గేదెల హైమావతి తన సిద్ధాంత గ్రంథంలోంచి ఇరవై మూడో రాయిని తీసేసింది. తీసేసిన రోజు అన్నం సహించలేదు.

ఆ గ్రంథం ప్రాచీన రోములో పిల్లలకు చదువు చెప్పిన బానిసల గురించి. వాళ్ళ చరిత్రలు ఎవరూ రాయలేదు. సమాధి రాళ్ళ మీద రెండు మూడు పంక్తులు తప్ప వాళ్ళు బతికిన ఆనవాలు లేదు. అలాంటి రాళ్ళు యాభై ఎనిమిదింటిని ఆమె గురువు ఆచార్య ఉడుముల ఇన్నారెడ్డి కుర్రతనంలో రోములో రెండేళ్ళుండి వెతికి పట్టుకున్నారు. రాళ్ళు తేలేరు కనుక అచ్చులు తెచ్చారు. రాతి మీద తడి కాగితం పరిచి, బ్రష్షుతో దట్టించి, ఆరాక ఒలిచి తీస్తే అక్షరాలు కాగితంలో గాడులుగా నిలుస్తాయి. అలాంటి కాగితం చుట్టలు ఒక ట్రంకుపెట్టె నిండా ఉండేవి.

ఇన్నారెడ్డిగారిది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. ఫాదరీ అవుదామని సెమినరీలో చేరి లాటిన్ నేర్చుకుని, ఫాదరీ కాకుండా బయటికొచ్చి, సముద్రం ఒడ్డున ఉన్న ఆ విశ్వవిద్యాలయంలో ముప్ఫై మూడేళ్ళుగా రోము చరిత్ర చెబుతున్నారు. ఆయనకు పేరు తెచ్చింది ఒకే ఒక్క వ్యాసం, 'నలభై ఏళ్ళ పంతులు'. అది ఇరవై మూడో రాయి మీద రాసింది. ట్రోఫిమస్ అనే బానిస సమాధి రాయి అది. 'మా పంతులు ట్రోఫిమస్‌కు. నలభై ఏళ్ళు చదువు చెప్పాడు. చదువుకున్నవాళ్ళం ఈ రాయి నిలిపాం.' ఉన్నది అంతే. ఒక బానిస ఒకే ఇంట్లో తరం తర్వాత తరానికి పాఠం చెప్పుకుంటూ ముసలివాడైన వైనాన్ని ఆ మూడు పంక్తుల్లోంచి ఇన్నారెడ్డిగారు కళ్ళకు కట్టారు. విద్యార్థులు ఆయన్ని చాటుగా నలభై ఏళ్ళ పంతులు అనేవారు. ఆయన చెవిన పడినా విననట్టే ఉండేవారు.

చిక్కు డిసెంబరులో మొదలైంది. ఒక రోజు హైమావతి ఆ అచ్చును కిటికీ దగ్గర పెట్టుకుని చూస్తోంది. రోమన్ అంకెల్లో పది గుర్తు పక్కన నిలువు గీత ఉంటే పదకొండు. ఆ నిలువు గీత కింద పాదంలా చిన్న అడ్డగీత కూడా ఉంటే నలభై. ఇక్కడ అడ్డగీత ఉంది. కానీ అది ఆగాల్సిన చోట ఆగలేదు. సన్నబడి, వంకర తిరిగి, రాయి అంచుదాకా పోయింది. వేలు పెట్టి చూసింది. ఉలి చెక్కిన గాడి నున్నగా ఉంటుంది. ఇది గరుగ్గా ఉంది. అది గీత కాదు. రాతిలో పగులు.

ట్రోఫిమస్ నలభై ఏళ్ళు చెప్పలేదు. పదకొండేళ్ళు చెప్పాడు.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మే నెలలో గురువుగారి పదవీ విరమణ. డిపార్ట్‌మెంటు వాళ్ళు అభినందన సంచిక వేస్తున్నారు. అందులో మొదటి వ్యాసం 'నలభై ఏళ్ళ పంతులు'. ఆ మాటకొస్తే హైమావతికి లాటిన్ ఎవరు నేర్పారు? గోనెసంచుల మిల్లు కార్మికుడి కూతురికి లాటిన్ ఎందుకని పైవాళ్ళు నవ్వితే, "నాకెందుకో దానికీ అందుకే" అని చెప్పి, మూడేళ్ళపాటు పొద్దున్న ఆరింటికి తన వరండాలో కూర్చోబెట్టి నేర్పింది ఎవరు? ఆయన భార్య లూర్దమ్మ ఏ రోజూ టిఫిను పెట్టకుండా పంపింది లేదు. అలాంటి మనిషి తప్పు చదివారని గ్రంథంలో ఎలా పెట్టడం? తప్పని తెలిసి నలభై అని ఎలా రాయడం? నాలుగు నెలలు మథనపడి, చివరికి ఆ రాయినే వదిలేసింది. పరీక్షకులు అడిగితే ఏం చెప్పాలో అప్పటికి తెలియదు.

సోమవారం గ్రంథం ఇచ్చేయాలి. గురువుగారు ప్రతి చదివి, శనివారం పొద్దున్నే ఇంటికి రమ్మన్నారు.

వెళ్ళేసరికి టైపు కాగితాల కట్ట ఆయన ఒళ్ళో ఉంది.

"యాభై ఏడున్నాయి," అన్నారు.

హైమావతి చెప్పులు విడిచి వరండాలో కూర్చుంది.

"యాభై ఎనిమిది ఉండాలి కదమ్మా. ట్రోఫిమస్ ఎటు పోయాడు?"

"చోటు చాల్లేదు మాస్టారూ."

"మూడొందల పేజీల్లో మూడు లైన్లకి చోటు చాల్లేదా?"

లోపల్నించి లూర్దమ్మ పెసరట్ల పళ్ళెంతో వచ్చింది. "రెండ్రోజుల్లో ఇయ్యాల్సిన పుస్తకం. ఇప్పుడు రాళ్ళు లెక్కబెట్టుకుంటా కూర్చున్నారా? ఆ పిల్ల మొహం చూడండి, ఎట్టా పీక్కుపోయిందో. ముందు తిననీండి."

"తింటుందిలే. ఆ రాయి ఎందుకు పోయిందో చెప్పి తింటుంది."

"అరిగిపోయింది మాస్టారూ. సరిగా కనబడ్డం లేదు," అంది హైమావతి. ఆ ఇంట్లో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది.

"నాకు కనబడింది కదా?"

ఆమె పెసరట్టు తుంచి, తినకుండా పళ్ళెంలోనే వదిలేసింది. ఆయన కాగితాల కట్ట పక్కన పెట్టారు. తర్వాత లేచి లోపలికి వెళ్ళి, ఒక కాగితం చుట్ట తెచ్చి బల్ల మీద పరిచారు. అంచులు లేవకుండా రెండు మంచినీళ్ళ గ్లాసులు పెట్టారు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. కళ్ళు మూసుకుని, కుడిచేతి చూపుడువేలు ఆమె వైపు చాచారు.

"పట్టుకో."

"మాస్టారూ!"

"మొదటి రోజు నీకు నేనేం చేశాను? పట్టుకో."

మొదటి రోజు ఆయన ఆమె చేత కళ్ళు మూయించి, చిన్నపిల్లకు పళ్ళెంలో బియ్యం పోసి అక్షరాభ్యాసం చేయించినట్టు, వేలు పట్టుకుని ఒక్కో గాడిలో నడిపించారు. రాతి అక్షరం ముందు వేలికి తెలియాలి, కంటికి తర్వాత, అన్నారు. ఇప్పుడు అరవై ఏళ్ళ మనిషి వేలు ఆమె ముందు ఉంది. గోరు మీద సిరా మరక.

పట్టుకుంది. మొదటి పంక్తి నడిపించింది. ఆయన పిల్లాడిలా పైకి చదివారు. "మా... పంతులు... ట్రోఫిమస్‌కు." రెండో పంక్తికి దింపింది. ఏటవాలు గీత ఒకటి. దాన్ని కోస్తూ ఇంకొకటి.

"పది," అన్నారు.

నిలువు గీత పైనుంచి కిందికి దిగింది. అడుగున మలుపు తిరిగింది. అక్కడ వేలు ఎత్తేస్తే చాలు. నలభై నలభైగానే ఉంటుంది. సంచిక వస్తుంది, సన్మానం జరుగుతుంది. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు. ఆమె మీద అంత నమ్మకం.

హైమావతి వేలు ఎత్తలేదు. అడ్డగీత మీదుగా ముందుకు నడిపించింది. అక్షరం దాటింది. పంక్తి దాటింది. ఇక ఆమె నడపక్కర్లేకపోయింది. ఆ వేలు తనంతట తనే ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ అదే దారిన అంచుదాకా వెళ్ళింది. మూడుసార్లు వెళ్ళింది.

"గరుగ్గా ఉంది," అన్నారు ఇన్నారెడ్డిగారు, కళ్ళు తెరవకుండా. "ఎప్పట్నించి తెలుసు?"

"డిసెంబరు నుంచండీ."

"నాలుగు నెలలు మోశావా! పిచ్చిపిల్లా."

ఆయన కళ్ళు తెరిచారు. కళ్ళజోడు పెట్టుకోలేదు. "ఆ రోజు జోరు వాన. ద్రాక్షతోట గోడలో ఉంది రాయి. నిలబడి చదివే ఓపిక లేక, అచ్చు తీసుకుని గదికి పోయి దీపం కింద చదివాను. ఇరవై ఏడేళ్ళు నాకప్పుడు. నలభై అని కనబడగానే వ్యాసం కూడా కనబడింది. ఇంక వేలు పెట్టి చూడలేదు."

హైమావతి కళ్ళు తుడుచుకుంది. లూర్దమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఏందీ, ఆ పిల్లని ఏడిపించారా?"

"నేను కాదు లూర్దూ, ట్రోఫిమస్. పాపం ఆయన చేత నేను ఇరవై తొమ్మిదేళ్ళు ఉత్తపుణ్యానికి పాఠాలు చెప్పించానంట."

"బాగానే ఉంది. నాచేత ముప్ఫై మూడేళ్ళు ఆ పాఠాలు ఇనిపించారుగా," అని ఆవిడ చల్లారిన పెసరట్టు తీసి వేడిది తేవడానికి వెళ్ళింది.

"సంచిక మాస్టారూ..." అంది హైమావతి. "మొదటి వ్యాసం అదే."

"ఇంకా ప్రెస్సుకి పోలేదు. ఇవాళే పోయి తీయిస్తాను."

"మీ పేరు పోతుందండీ."

"తప్పు చదివింది నేను. తప్పని కనిపెట్టిన పిల్లకి చదవడం నేర్పిందీ నేనే. జనాన్ని ఆ రెండోది కూడా రాసుకోనీ." ఆయన నవ్వారు. నవ్వి, ఎప్పుడూ ఎవరితోనూ అనని మాట అన్నారు. "ముప్ఫై మూడేళ్ళు ఈ అచ్చుని క్లాసులో వేలాడదీశాను. ఎన్ని వందల మందో చూశారు. నా మాట నమ్మి చూశారు. నువ్వు తాకి చూశావు. నాకు ఇంతకంటే ఏ సన్మానం చేస్తారమ్మా?"

 వేడి పెసరట్టు వచ్చింది. డిసెంబరు తర్వాత మొదటిసారి హైమావతికి ఆకలి తెలిసింది. రెండు తిన్నాక అంది, "కానీ మాస్టారూ, ఇంక ఈ రాయిలో ఏముంది? నలభై ఏళ్ళంటే విశేషం. పదకొండేళ్ళు ఎవరైనా చెబుతారు."

ఇన్నారెడ్డిగారు అచ్చు దగ్గరికి జరిగారు. వంగి, తన వేలితో తనే మూడో పంక్తి మొదట్నించి చివరిదాకా చదువుకున్నారు. అక్కడే ఆగిపోయారు.

"పదకొండేళ్ళే చెప్పాడు. బానిస. అయినా చదువుకున్నవాళ్ళంతా కలిసి రాయి నిలిపారు." కాగితాన్ని మెల్లిగా చుట్టి ఆమె చేతిలో పెట్టారు. "ఏం చెప్పి ఉంటాడంటావ్, హైమా?"

"తెలీదు మాస్టారూ."

"నాకూ తెలీదమ్మా," అన్నారాయన. మొహం వెలిగిపోతోంది. "ఇవాళ పొద్దుటిదాకా తెలుసనుకున్నాను."