తవిటయ్య చెప్పిన మాట

డాక్టర్ వసుంధర గారికి ఒక పట్టింపు ఉండేది. సూదితో తీసిన కణాలు మైక్రోస్కోపు కిందికి వచ్చేలోగా, రోగి తన బాధ ఏ మాటల్లో చెప్పుకున్నాడో ఆ మాటల్లోనే, తెలుగులోనే, కాగితం మీద ఉండాలి. ఆవిడ దగ్గర పాథాలజీ చదువుకోవడానికి తెనాలి నుంచి శ్రీకాకుళం వైపు వచ్చిన హిమబిందుకి ఇది వట్టి చాదస్తంగా తోచింది. ఉండబట్టలేక ఒకరోజు అడిగేసింది.

"జబ్బు కణాల్లో కనిపిస్తుంది కదా మేడం. మనకి రోగి మాటలతో పనేముంది?"

ఆవిడ ఆనాటి కేసు కాగితం తెమ్మన్నారు.

ఆనాటి కేసు తవిటయ్య అనే కౌలురైతు. ముందురోజు స్కానింగులో అతని కాలేయంలో నిమ్మకాయంత గడ్డ కనిపించింది. పొద్దున సూది గుచ్చితే కాసిని కణాలే వచ్చాయి. వాటిలో కొన్నిటి కేంద్రకాలు పెద్దవిగా ఉండేసరికి హిమబిందు క్యాన్సరని రాయడానికి కలం తీసింది. క్యాన్సరైతే వైద్యం వద్దు, ఇంటికి తీసుకుపోతానని అతని భార్య పారమ్మ ముందే చెప్పేసి, వరండాలో మూటాముల్లే సర్దుకుని కూర్చుంది. ఇక ఆ రిపోర్టు రావడమే తరువాయి.

'గడ్డ వచ్చిన కాణ్ణించి నొప్పి, రెండు నెలలు' అని కేసు కాగితం మీద హిమబిందు చేతిరాతలో ఉంది. వసుంధర గారు రెండుసార్లు చదివారు.

"లోపలున్న గడ్డ నిన్న కదమ్మా స్కానింగులో కనపడింది? రెండు నెలల కిందటే వచ్చిందని ఈయనకెవరు చెప్పారు?"

ఇద్దరూ వార్డుకి వెళ్ళి అడిగారు. తవిటయ్య తెల్లబోయాడు.

"గడ్డేటమ్మా? గెడ్డ. మా ఊరి పక్కన పారతాది. వానలకి గెడ్డొచ్చి నూతిలో కలిసిపోనాది. ఆ నీల్లే తాగినాం. రగత విరేచనాలు పట్టుకున్నాయి. అయ్యి తగ్గినాక ఈ నొప్పి."

వాగుని అక్కడివాళ్ళు గెడ్డ అంటారు. తెనాలి చెవికి అది గడ్డయింది. చెవిని తప్పు పట్టలేం గానీ, ఆ తొందరని పట్టొచ్చు.

ఆ విరేచనాల మాట పట్టుకుని మధ్యాహ్నం సూదిని ఇంకాస్త లోపలికి పోనిచ్చారు. ఈసారి చింతపండు పులుసు రంగులో చిక్కని చీము వచ్చింది. పొద్దున సూది తాకింది గడ్డ అంచునే. ఆ పెద్ద కేంద్రకాలు చీము పక్కన ఒరుసుకుని వాచిన కాలేయ కణాలవి. చీములో క్యాన్సర్ కణం ఒక్కటీ లేదు, మురికి నీళ్ళతో ఒంట్లోకి చేరే అమీబాలు ఉన్నాయి. మందుబిళ్ళలతో నయమయ్యే జబ్బు. ఆ సంగతి చెబితే పారమ్మ మూట విప్పి, మొగుడికి గంజి పోయడానికి గిన్నె బయటికి తీసింది.

హిమబిందుకి గుండెల మీంచి బండ దిగినట్టయింది. కళ్ళు తుడుచుకుని కాగితం ముందుకి లాక్కుంది.

"ఈ గడ్డ అన్న మాట కొట్టేసి మళ్ళీ రాస్తాను మేడం."

"కొట్టెయ్యకు," అన్నారు వసుంధర గారు. "ఎత్వం పెట్టు, చాలు."