చాందిని ఎందుకు ఆగింది

చాందినిని పంపించేయమని కాగితం రాసింది ప్రసూనే. రాశాక రెండు రోజులుగా అన్నం సయించనిదీ ఆమెకే.

శంషాబాద్ అవతల, నడుమూ కాళ్లూ స్వాధీనంలో లేని పిల్లలను గుర్రాల మీద తిప్పి బలం తెప్పించే కేంద్రం అది. వచ్చిన ప్రతి పిల్లా చాందిని అనే గుర్రమే కావాలని పేచీ పెడుతుంది. దాన్ని చిన్నప్పటి నుంచి పెంచినవాడు ఉస్తాద్ మొయినుద్దీన్. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రసూనకు నెల కిందటే దాని పగ్గం అప్పగించాడు.

ఆ పగ్గం పట్టుకుని ప్రసూన ముందు నడుస్తుంది. పిల్లను మోస్తున్న చాందిని ఉన్నట్టుండి ఆగిపోతుంది. లాగినా కదలదు, బతిమాలినా కదలదు. కాసేపటికి దానంతట అదే నడుస్తుంది. పశువుల డాక్టరు చూసి కాళ్లలో లోపమేమీ లేదన్నాడు. అయితే మొండితనమేనని తేల్చేసింది ప్రసూన. ఆమె పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి.

"దీనితోని కాదు ఉస్తాద్. చుట్టుకు ఏడుసార్లు ఆగుతున్నది," అంది కళ్లు తుడుచుకుంటూ. "దీన్ని తీస్కపోను రేపు లారీ వస్తది."

ఉస్తాద్ చాందిని మీది జీను విప్పేశాడు.

"ఎక్కు బేటీ. చేతులు కట్టుకో. కళ్లు మూసుకో."

ఎక్కింది. పగ్గం ఆయనే పట్టుకున్నాడు. పదడుగులు బాగానే సాగాయి. మలుపు తిరగ్గానే చాందిని ఆగింది.

"చూసిన్రా ఉస్తాద్? మళ్ల ఆగింది!"

"కళ్లు తెరువు."

తెరిచింది. నిటారుగానే కూర్చున్నాననుకుంటోంది తను. చూసుకుంటే ఒళ్లంతా ఎడమకు వాలిపోయి ఉంది. ఇంకో అడుగు పడితే నేల మీదే. ఇంతలో గుర్రం వీపు మెల్లగా ఎడమకు జరిగింది. చాందిని కాలు మార్చుకుని, ఆమె బరువు కిందికి వచ్చి నిలబడింది. ప్రసూన నడుము నిలదొక్కుకుంది. అప్పుడు నడిచింది చాందిని.

ప్రసూన దాని మెడ మీద వాలి భోరుమంది. గుండెల మీంచి బండ దిగినట్టయింది. వెనక పిల్ల ఒరిగినప్పుడల్లా ఆగిందే తప్ప, దానికి జబ్బూ లేదు, మొండితనమూ లేదు. ఇక అది ఎక్కడికీ పోనక్కర్లేదు.

"లారీ వద్దని ఇప్పుడే ఫోన్ చేస్త ఉస్తాద్. ఎంత మంచిగ నేర్పిన్రు దీనికి!"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నడుసుడు నేను నేర్పిన, బేటీ. ఆగుడు పిల్లలు నేర్పిన్రు."