తొలికాయ ముక్క

రవళి కెమెరా బటన్ నొక్కడం మరిచిపోయింది.

ఆ సంగతి తెలిసేసరికి తొలికాయ కోయడం అయిపోయింది. పూజారి బుచ్చయ్య ఆ ఏటి మొదటి మామిడికాయను నేలతల్లికి చూపించి, కోసి, అందరికీ ముక్కలు పంచేశాడు. ఆ ముక్క నోట్లో పడేదాకా ఆ కోయగూడెంలో ఎవరూ కొత్తకాయ తినరు. రవళి సొంతంగా చేస్తున్న మొదటి కార్యక్రమానికి ప్రాణం ఆ దృశ్యమే. ఆదివారమే ప్రసారం.

ఆమె బుట్టలోంచి ఇంకో కాయ తీసి ముసలాయనకు అందించింది.

"తాతా, ఇంకొక్కసారి కోయవా? టీవీ కోసం."

డోలు ఆగిపోయింది. బుచ్చయ్య కోప్పడనైనా లేదు.

"మీ ఇంటిపేరేంది బిడ్డా?"

"సోడి."

"సోడోళ్ల పిల్లవేనా! తొలికాయ రెండుసార్లు ఉంటదా? నీకు తెల్వదా?"

తెలుసు. ఆమే కోయపిల్లే. తెలిసే అడిగింది. తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

రవళితో పాటు పండక్కి వచ్చిన పాయం ముత్తమ్మ చాప మీద ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉంది. రవళి పనిచేసే టీవీ కేంద్రానికి డైరెక్టరు. ఆ కుర్చీ ఎక్కిన మొదటి కోయ మనిషి. వయసులో ఉన్నప్పుడు అక్కడే కెమెరా పని అడిగితే, "అంత బరువు నీవల్ల కాదమ్మా" అని నవ్వారట. ఇప్పపూల గంపలు మోసిన మనిషితో! వార్తలు రాసే పనిలో చేరి, ఒక్కో మెట్టే ఎక్కింది. డైరెక్టరయ్యాక చేసిన మొదటి పని, గూడేల పిల్లల చేతికి కెమెరాలివ్వడం. ఆ ఒక్కదానికే ఆమెకు దండం పెట్టొచ్చు.

"అక్కా, మీరిచ్చిన పని చెడగొట్టాను," అంది రవళి. "ఆదివారం ఏం చూపించను?"

ముత్తమ్మ లేచి వచ్చింది.

"ముక్క తిన్నావా?"

"ఎక్కడక్కా? కెమెరా దగ్గరే ఉన్నాను కదా."

"మామా, ఈ పిల్ల వంతు ఉందా?"

బుచ్చయ్య మోదుగాకు విప్పాడు. అందులో ఒక ముక్క ఉంది.

"ఎవరు తినలేదో చూసుకోనా?" అన్నాడు.

ముత్తమ్మ కెమెరాను భుజానికెత్తుకుంది. బటన్ నొక్కి, ఎర్రదీపం వెలిగిందో లేదో రెండుసార్లు చూసుకుంది.

"ఇదీ తొలికాయ ముక్కే. తిను."

పులుపుకో మరి దేనికో, రవళి కళ్లలో నీళ్లు తిరిగాయి. నములుతూనే వంగి ముసలాయన కాళ్లకు మొక్కింది. డోలు మళ్లీ మోగింది.

తిరిగి వస్తుంటే జీపులో రవళి అడిగింది.

"కాయ కోసే దృశ్యం ఏదీ అని అడిగితే ఏం చెప్పాలక్కా?"

"పండగ వాళ్లది. మరుపు మనది. మనది మనం చెప్పుకుందాం."

ఆదివారం కార్యక్రమం రవళి గొంతుతో మొదలైంది.

"తొలికాయ కోసేటప్పుడు నేను బటన్ నొక్కడం మరిచిపోయాను. అయినా నా వంతు ముక్క దాచి ఉంచారు."

ముత్తమ్మ తన గదిలో కూర్చుని చూసింది. రవళి వెనకాల నిలబడింది. చివర్లో పేర్లు వచ్చాయి. అన్నిటికంటే ముందు, "కెమెరా: పాయం ముత్తమ్మ".

ఇన్నేళ్లలో ఆ మాట పక్కన ఆ పేరు రావడం అదే మొదలు.

ముత్తమ్మ వెనక్కి తిరిగింది. తన భుజం తడుముకుంది.

"ఏమంత బరువు లేదే పిల్లా," అంది.