సోడా కాంతయ్య, రేవు కబురు

అనగా అనగా, మరీ వెనకటి రోజుల్లో కాదు, ఫోన్లు అప్పుడప్పుడే అందరి జేబుల్లోకీ చేరుతున్న రోజుల్లో, గోదావరి పాయ ఒడ్డున పొన్నరేవు అనే ఊరు ఉండేది. ఊరు చిన్నదే. కానీ ఆ ఊరికి సొంత పత్రిక ఉండేది. దాని పేరు ‘రేవు కబురు’. నాలుగంటే నాలుగే పేజీలు. రోజూ సాయంత్రం నాలుగింటికి అచ్చయ్యేది. దీపాలు పెట్టేవేళకు ఊరంతా చదివేసేది.

ఆ పత్రికను నడిపే ఆవిడ వర్ధనమ్మ. తండ్రి నరసింగరావుగారు స్థాపించిన పత్రిక అది. ఆయన పోతూ పోతూ కూతురికి రెండే ఇచ్చాడు. ఒకటి అచ్చు యంత్రం. రెండోది ఒక మాట.

“అమ్మాయీ, ఎవరి గురించి చెడు రాయవలసి వచ్చినా ముందు వాళ్ల గుమ్మం ఎక్కు. వాళ్లు చెప్పేది విను. విన్నాకే కలం పట్టు.”

ఇరవై ఏళ్లు వర్ధనమ్మ ఆ మాట దాటలేదు. అందుకే పొన్నరేవులో ఏ పుకారు పుట్టినా జనం ముందుగా “రేవు కబురులో వచ్చిందా?” అని అడిగేవారు. వస్తే నిజం, రాకపోతే గాలి కబురు. అంతే. పెద్ద పెద్ద తగాదాలు కూడా ఆ ఒక్క ప్రశ్నతో చల్లారిపోయేవి.

ప్రెస్సు ఉన్న వీధి చివరే సోడా కాంతయ్య కొట్టు. కాంతయ్యకు డెబ్బై దగ్గరపడ్డాయి. నీళ్లు కాచి, చల్లార్చి, వడగట్టి, ప్రతి సీసానూ ఎండకు ఎత్తి పట్టి చూసి మరీ గోలీసోడా కట్టేవాడు. వర్ధనమ్మ పరికిణీలు కట్టుకునే నాటి నుంచి ఆయన్ని ఎరుగును. బాబాయ్ అని పిలిచేది. ఆయనకు అక్షరం ముక్క రాదు. అయినా రోజూ పత్రిక కొని, భార్య చిట్టెమ్మ చేత చదివించుకుని వినేవాడు.

“మా అమ్మాయి రాసిందంటే రాతి మీద చెక్కినట్టే” అని సోడా తాగడానికి వచ్చినవాళ్లందరితో చెప్పేవాడు.

కాలం ఒకచోట నిలుస్తుందా? నిలవదు కదా.

మొదట కొట్ల ప్రకటనలు పోయాయి. బట్టల వర్తకుడు రంగనాయకులు స్వయంగా ప్రెస్సుకు వచ్చి, నొచ్చుకుంటూనే చెప్పాడు. “అమ్మా, ఏమీ అనుకోవద్దు. నా చీరలు ఇప్పుడు ఫోన్‌లో చూపిస్తున్నాను. ఎక్కడెక్కడివాళ్లో అడుగుతున్నారు. మీ పత్రిక రేవు దాటదు. నేనూ బతకాలి కదా.”

ఆ తరువాత బస్సుల వేళలూ, ఉద్యోగాల కబుర్లూ, సినిమాల పేర్లూ పోయాయి. అవన్నీ ఫోన్‌లోనే దొరుకుతుంటే సాయంత్రం దాకా ఎవరు ఆగుతారు?

చివరికి చావు కబుర్లు కూడా పోయాయి. ఊళ్లో ఎవరైనా కన్నుమూస్తే మునుపు మొట్టమొదట ప్రెస్సు తలుపు తట్టేవారు. ఇప్పుడు ఫోటో తీసి, దండ బొమ్మ పెట్టి, అందరికీ పంపించేస్తున్నారు. అది చూశాక వర్ధనమ్మకు నిజంగా భయం వేసింది. ఏడుపు పంచుకోవడానికి కూడా ఊరు తన దగ్గరికి రాలేదు మరి.

అయినా ఆమె చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కళ్లజోడు పెట్టుకుని, తప్పుతూ తడబడుతూ నేర్చుకుని, ‘రేవు కబురు’ను ఫోన్‌లోకి కూడా తెచ్చింది. బాగానే ఉంది. కానీ అక్కడ అప్పటికే ‘పొన్నరేవు మెరుపులు’ అని ఇంకొకటి ఉంది. దాన్ని ఎవరు నడుపుతారో ఎవరికీ తెలియదు. విన్నది విన్నట్టు వేసేయడమే వాళ్ల పని. వర్ధనమ్మ ఒక కబురు కనుక్కుని వచ్చేలోపు వాళ్లు మూడు వేసేవారు. అందులో రెండు తప్పయినా ఎవరికీ పట్టేది కాదు.

“మీ కబురు చద్దన్నం, వర్ధనమ్మగారూ! మేం పొద్దున్నే చదివేశాం” అని జనం నవ్వేవారు. హాస్యానికే అనేవారు. ఆ హాస్యం ఆమె గుండెలో ముల్లులా దిగేది.

అలా ఉండగా వైశాఖ మాసం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఊళ్లోని సాలిపేటలో ముగ్గురు పిల్లలు వాంతులతో సొమ్మసిల్లి పడిపోయారు. వాళ్లను ఆసుపత్రికి తీసుకుపోయారు. కాసేపటికి తెలిసినవాడొకడు వర్ధనమ్మకు ఫోన్ చేశాడు.

“పిల్లలు కాంతయ్య సోడా తాగారటండీ. కాలవ నీళ్లు కలుపుతున్నాడట. అందరూ అదే అనుకుంటున్నారు.”

వర్ధనమ్మ గబగబా నాలుగు వాక్యాలు రాసింది. పక్కనే అక్షరాలు సరిచూసే జోగినాథం ఉన్నాడు. నరసింగరావుగారి కాలం నుంచీ ఆ ప్రెస్సులో ఉన్న మనిషి. రాసింది చదివి ఆయన లేచి నిలబడ్డాడు.

“అమ్మా, కొట్టు వీధి చివరే కదా. ఇలా వెళ్లి అలా అడిగి వచ్చేస్తాను.”

“నువ్వు వెళ్లి వచ్చేలోపు మెరుపులవాళ్లు వేసేస్తారు, జోగినాథం.”

“వేస్తే వేయనీ తల్లీ. మనం ఎన్నిసార్లు వెనకబడలేదు?”

“అందుకే! ఈ ఒక్కసారి మనం ముందుండాలి” అంది వర్ధనమ్మ. అని, ఫోన్ మీద వేలు నొక్కింది.

ఆ ఒక్కసారి ఆమే ముందుంది. ఊరి జనాభా కన్నా ఎక్కువమంది ఆ కబురు చూశారు. ఎన్నడూ పలకరించని ఊళ్ల నుంచి కూడా పలకరింపులు వచ్చాయి. వర్ధనమ్మ మనసు ఎన్నాళ్లకో తేలికపడింది.

గంట తిరక్కుండా సోడాకొట్టు ముందు జనం మూగారు. ఒకడు సీసా ఎత్తి నేలకేసి కొట్టాడు. ఇంకొకడు తొట్టి తన్నాడు. వర్ధనమ్మ ప్రెస్సు గడప మీద నిలబడి చూస్తోంది. కాంతయ్య రెండు చేతులూ అడ్డుపెట్టి ఏదో చెబుతున్నాడు. అంతలో ఎవరో అరిచారు.

“మేం అనడం కాదయ్యా! రేవు కబురులో వచ్చింది!”

కాంతయ్య చేతులు కిందికి దిగిపోయాయి. కొట్టు మెట్టు మీద కూలబడ్డాడు. కాసేపటికి లేచాడు. మిగిలిన సోడాలు ఒక్కొక్కటే తీసి, మూతిలోని గోలీ నొక్కి, తన చేతులతో తనే కాలవలో పారబోశాడు. చివరి సీసా దాకా పారబోసి, తలుపు వేసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

“చూశావా జోగినాథం? తప్పు లేనివాడైతే పారబోస్తాడా?” అంది వర్ధనమ్మ.

జోగినాథం కండువా దులిపి భుజాన వేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు వర్ధనమ్మ ఆసుపత్రికి వెళ్లింది. పిల్లలు లేచి కూర్చుని గంజి తాగుతున్నారు. ఆమె సోడా మాట ఎత్తగానే డాక్టరుగారు ఆశ్చర్యపోయాడు.

“సోడా ఏమిటండీ? బడి వెనక కంచెలో నేపాళం గింజలు తిన్నారు, అవి విషం. ఇవిగో, ఒకడి జేబులో ఇంకా ఉన్నాయి. వేరుశనగ పలుకులనుకున్నారట పాపం.” ఆపైన అన్నాడు, “నిన్ననే మీ పత్రిక నుంచి ఎవరైనా వస్తారనుకున్నాను. మీరు ఎప్పుడూ అడుగుతారు కదా.”

వర్ధనమ్మ ఆసుపత్రి నుంచి నేరుగా కాంతయ్య ఇంటికి వెళ్లింది. చిట్టెమ్మ తలుపు తీసింది. కాంతయ్య నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అలికిడికి ఇటు తిరిగాడు.

“పిల్లలు బతికారా అమ్మాయ్?” అన్నాడు. నిన్నటి నుంచి ఆయన నోట వచ్చిన మొదటి మాట అదేనట.

“బాగున్నారు బాబాయ్. గంజి తాగుతున్నారు.”

ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టుకున్నాడు. “నీళ్లలో ఎక్కడ తేడా వచ్చిందో రాత్రంతా ఆలోచించానమ్మా. ఏమీ తోచలేదు. పెద్దతనం కదా. కళ్లు ఆనక ఏ మురికో చూసుకోలేదేమో. పత్రికలో వచ్చిందంటే మరి నా చేతిలోనే ఉండాలి దోషం.”

పిల్లలూ, చూశారా? ఊరంతా తనను నిందించినప్పుడు కాంతయ్య లొంగలేదు. వర్ధనమ్మ రాసిందనగానే తన కళ్లనూ, తన చేతులనూ, యాభై ఏళ్ల తన పనినీ తనే నమ్మలేకపోయాడు.

వర్ధనమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయింది. “దోషం నీది కాదు బాబాయ్. వాళ్లు నీ సోడా తాగనేలేదు. నేను అడక్కుండా రాశాను.”

ఆయన మోచేతి మీద లేచి ఆమె మొహంలోకి చూశాడు.

“కొట్లోనే ఉన్నానే” అన్నాడు. “వచ్చి అడిగితే చెప్పేవాణ్ణి కదమ్మా.”

తిట్టలేదు. శపించలేదు. ఆ ఒక్క మాట అని మళ్లీ గోడవైపు తిరిగాడు.

ఆ రోజు సాయంత్రం వర్ధనమ్మ మొదటి పేజీ నిండా తన తప్పు అచ్చు వేసింది. కొన్నవాళ్లు కొద్దిమందే. ఫోన్‌లో కూడా పెట్టింది. అబద్ధాన్ని చూసినవాళ్లలో పదో వంతు కూడా నిజాన్ని చూడలేదు. అప్పుడిక చెప్పులు తొడుక్కుని బయలుదేరింది. వీధి వీధీ, గడప గడపా తిరిగి, “కాంతయ్య ఏ పాపం ఎరగడు. తప్పు నాది” అని చెప్పుకుంటూ వెళ్లింది. మూడు వారాలు అలా తిరిగింది. కొందరు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టారు. కొందరు మొహం తిప్పుకున్నారు. సాలిపేటలో ఒక ముసలమ్మ మాత్రం ఆమెను ఎగాదిగా చూసి, “అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా? దేన్ని నమ్మమంటావు తల్లీ?” అంది. వర్ధనమ్మ తల వంచుకుని పక్క గడపకు నడిచింది.

ఊరికి మెల్లగా నిజం తెలిసింది. సీసాలు పగలగొట్టినవాళ్లే వచ్చి, “మళ్లీ కొట్టు తెరువు కాంతయ్యా” అని బతిమాలారు. వాళ్ల మాట కాదనలేక ఆయన ఒక ఉదయం తలుపు తీశాడు. మొదటి సీసా కట్టి, ఎండకు పట్టి చూసి, తనే తాగి చూశాడు. అరగంట ఆగి రెండోది కట్టాడు. అదీ తనే తాగాడు. మూడోది కట్టి, ఒక పిల్లవాడికి ఇవ్వబోయాడు. ఇవ్వలేకపోయాడు. “నా వల్ల కాదు నాయనా” అని పారబోసి తలుపు మూసేశాడు. ఆ తలుపు మళ్లీ తెరుచుకోలేదు.

కార్తీకం రాకముందే కాంతయ్య పోయాడు.

వర్ధనమ్మ ఆయన గురించి రాసిన నాలుగు మంచి మాటల కాగితం పట్టుకుని చిట్టెమ్మ గుమ్మం ఎక్కింది. “ఇది వేయమంటావా పిన్నీ?” అని అడిగింది.

“మా గురించి ఇంకేమీ రాయొద్దమ్మా” అంది చిట్టెమ్మ.

ఆ కాగితం అచ్చు కాలేదు.

ఆ తరువాత వర్ధనమ్మ పరుగు పందెం మానేసింది. పత్రికను వారానికి ఒక్కసారి, సంత రోజున, ఫోన్ చూడలేని పెద్దవాళ్ల కోసం అచ్చు వేసేది. మిగతా రోజులు ఫోన్‌లోనే కబుర్లు పెట్టేది. ప్రతి కబురు కిందా ఎవరిని అడిగిందో, వాళ్లేమన్నారో రాసేది. తెలియనిదాన్ని తెలియలేదనే రాసేది. జనం నవ్వితే నవ్వనిచ్చేది.

ఏడాది తిరిగింది. ఒక ఉదయం మెరుపులవాళ్లు ఒక ఘోరమైన కబురు వేశారు. రంగనాయకులు అమ్మే చీరలు శవాల మీద కప్పినవట! ఉతికి, మడత పెట్టి అమ్ముతున్నాడట! జనం మండిపడి బట్టలకొట్టు మీదికి వెళ్లారు. అప్పుడు ఆ గుంపులోనే ఎవరో ఆడమనిషి గట్టిగా అంది, “ఆగండర్రా! సోడా కాంతయ్యను చంపుకున్నది చాలదా? రేవు కబురు ఏమంటుందో చూద్దాం.”

చూశారు. అందులో ఒక్క వాక్యమే ఉంది. “అడగడానికి వెళ్తున్నాం, తెలిశాక చెబుతాం, అందాకా ఎవరూ తొందరపడవద్దు.”

వర్ధనమ్మ ముందు రంగనాయకులు కొట్టుకు వెళ్లింది. అక్కణ్ణుంచి చీరలు నేసినవాళ్ల ఇళ్లకు వెళ్లింది. ఆఖరికి శ్మశానం కాపలాదారు దగ్గరికీ వెళ్లింది. పొద్దు వాలేవేళకు అందరి మాటలూ వాళ్ల పేర్లతో సహా రాసింది. కబురు అబద్ధమని తేలింది. జనం తలలు దించుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు.

మర్నాడు రంగనాయకులు తోటి వర్తకులను వెంటబెట్టుకుని వచ్చి చేతులు జోడించాడు. “అమ్మా, ప్రపంచమంతా మమ్మల్ని ఫోన్‌లో చూస్తుంది. కానీ మా మీద నింద పడితే మా గుమ్మం ఎక్కి అడిగేది మీరొక్కరే. ఇకనుంచి ఈ ఊరి కొట్లన్నీ మీ పత్రికతోనే ఉంటాయి.”

వర్తకులు మాట నిలుపుకున్నారు. ‘రేవు కబురు’ బతికింది. అది మంచి కబురే. జోగినాథం కళ్లు తుడుచుకున్నాడు. వర్ధనమ్మ మాత్రం ఆ సంతోషంలో కలవలేకపోయింది.

ఆ సాయంత్రం ఆమె చిట్టెమ్మ ఇంటికి వెళ్లింది. చిట్టెమ్మ అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటోంది. వర్ధనమ్మ జరిగినదంతా చెప్పింది. చిట్టెమ్మ తలెత్తకుండా చివరిదాకా విన్నది.

“మంచిదమ్మా. రంగనాయకులు అదృష్టవంతుడు” అంది.

అని, మళ్లీ బియ్యంలోకి వంగింది.

కాబట్టి పిల్లలూ, పదిమంది నమ్మే నోరు అడగకుండా మాట అనకూడదు. తప్పు మాటను ఎప్పుడైనా దిద్దుకోవచ్చు గానీ, ఆ మాట తగిలి కూలిన మనిషిని తిరిగి నిలబెట్టలేం.